ఆడమ్స్‌విల్‌లో పాలీన్ కోసం

అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నుంచి 64వ నంబరు హైవే పట్టుకుని తూర్పుకి వెళ్తుంటే రోడ్డు పక్కన పత్తి చేలు. అక్టోబరు కదా, కాయలన్నీ విచ్చుకుని తెల్లగా ఉన్నాయి. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, పత్తి కనబడితే కారు ఆపకుండా ఉండలేను. మా ఊళ్ళో ఆడవాళ్ళు నడుం వంచి ఏరే పత్తిని ఇక్కడ యంత్రం ఒక్కటే ఏరి, పెద్ద పెద్ద చుట్టలు చుట్టి పడేస్తోంది.

నేను వెళ్తున్నది ఆడమ్స్‌విల్‌కి. 1973లో వచ్చిన ‘వాకింగ్ టాల్’ సినిమా కథానాయకుడు బ్యూఫర్డ్ పుసర్ ఊరు. 1964 నుంచి 1970 దాకా మెక్‌నైరీ కౌంటీ షెరీఫ్, అంటే ఆ కౌంటీకి పోలీసు పెద్ద. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, అంతకుముందు కుస్తీలు పట్టినవాడు. మిసిసిపీ సరిహద్దులో దొంగసారా, జూదం నడిపే ముఠాల మీద పడ్డాడు. తెర మీద జో డాన్ బేకర్ దుంగలాంటి కర్రతో వాళ్ళని చితకబాదుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. భార్యని చంపారు కదా, ఎంత కొట్టినా న్యాయమే అనుకున్నాను.

ఆ భార్య పేరు పాలీన్. 1967 ఆగస్టు 12న, ఇంకా తెల్లారకముందే, న్యూ హోప్ రోడ్డులో చనిపోయింది. ఇద్దరూ కారులో వెళ్తుంటే దుండగులు కాపు కాసి కాల్చారనీ, తన దవడ కూడా పగిలిందనీ పుసర్ చెప్పాడు. అందరూ నమ్మారు. శవపరీక్ష కూడా చెయ్యలేదు! 2024లో సమాధి తవ్వి చేశారు. కారు బయట బానెట్ మీద పడ్డ నెత్తురు అతను చెప్పినదానికి పొసగలేదు. అతని చెంప గాయం తుపాకీ ఆనించి కాల్చినట్టుంది. బతికి ఉంటే పాలీన్ హత్యకు అతని మీదే అభియోగం మోపడానికి ఆధారాలు సరిపోతాయని 2025 ఆగస్టులో దర్యాప్తు అధికారులు ప్రకటించారు. 1974లోనే కారు ప్రమాదంలో పోయాడు కాబట్టి ఇక విచారణ లేదు.

ఆ వార్తలో నన్ను పట్టి ఆపేసింది ఒక్కటే: ఆమె ముక్కు ఎముక అంతకుముందెప్పుడో విరిగి, అతుక్కుంది. ఆ దెబ్బ సినిమాలో ఎక్కడుంది? యాభై ఏళ్ళు మనం చూసింది అతని కోపాన్నే. ఆమె నొప్పిని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పుసర్ ఇంటిని మ్యూజియం చేశారు. అటు వెళ్ళాలనిపించలేదు. దారిలో సెల్మర్‌లో కొన్న పసుపు చామంతి కుండీ పట్టుకుని తిన్నగా శ్మశానానికి వెళ్ళాను. పాలీన్ సమాధి దగ్గర కుండీ పెట్టాను. మట్టి పొడిగా ఉంది. సీసాలో మిగిలిన నీళ్ళన్నీ పోశాను.