మూడో రౌండు

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తాలి. మొదటిసారి నేను 8 నిమిషాల 22 సెకన్లకు చేరాను. నాలుగు రౌండ్లలో మొదటిది 78 సెకన్లలో ముగించి అందరికంటే ముందున్నాను. మూడో రౌండులో తొడలు బండబారిపోయాయి. పట్టుదల లేకనే ఓడిపోయానని చాలా రోజులు కుమిలిపోయాను.

ఆమదాలవలసలో మా పాత పీఈటీ మాస్టారు మాత్రం నా రౌండ్ల లెక్క అడిగి, "బాబూ, నిమిషంన్నర పనికి సరిపోయే ఇంధనంతో ఎనిమిది నిమిషాల పని మొదలుపెట్టావు" అన్నారు. తర్వాత ఆయన చెప్పినదంతా నోటు పుస్తకంలో రాసుకున్నాను.

కండరం కదలాలంటే ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు సెకన్లకే చాలుతుంది. వెంటనే కండరంలోనే నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం దాన్ని మళ్లీ నింపుతుంది, అదీ సుమారు పది సెకన్ల వరకే. లాంగ్ జంప్‌కు ఇదే బలం, 100 మీటర్ల పరుగుకూ చాలా వరకు ఇదే. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందే, ఆ ఒక్కో ఎత్తూ కొన్ని సెకన్ల పనే. ఆ తర్వాతి దారిలో గ్లూకోజు ఆక్సిజన్ కోసం ఆగకుండా విడిపోతుంది. శక్తి వేగంగానే అందుతుంది గానీ ఒక్కో గ్లూకోజుకు మిగిలేది రెండు ఏటీపీలే, పైగా కండరంలో ఆమ్లత పెరిగి తొడలు మండుతాయి. ఆక్సిజన్‌తో, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో అదే గ్లూకోజు సుమారు ముప్పై ఏటీపీలు ఇస్తుంది. ఈ దారి నెమ్మది, కానీ ఎనిమిది నిమిషాల పరుగును మోసేది ప్రధానంగా ఇదే. మూడూ మొదటి అడుగు నుంచే పనిచేస్తాయి, వాటాలు మారుతుంటాయంతే.

"నాటుకోడి కాలి మాంసం ఎర్రగా, రొమ్ము మాంసం తెల్లగా ఎందుకుంటుందో తెలుసా?" అని అడిగారు మాస్టారు. కండరం సన్నని తంతువుల కట్ట. రోజంతా నడిచే కాళ్లలో నెమ్మదిగా పనిచేసే తంతువులు ఎక్కువ. వాటిలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ వల్ల ఆ ఎరుపు. గోడ మీదికి ఒక్కసారి ఎగరడానికి పనికొచ్చే రొమ్ములో వేగపు తంతువులు ఎక్కువ, అవి త్వరగా అలసిపోతాయి. మన కండరాల్లో రెండూ కలిసే ఉంటాయి. మామూలు శ్రమకు నెమ్మది తంతువులు ముందు కదులుతాయి, శ్రమ పెరిగితే వేగపువి తోడవుతాయి. నేను మొదటి రౌండులోనే వాటినీ లాగేశాను.

నాలుగు నెలలు నాగావళి ఒడ్డున సాధన చేశాను. వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. నాకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. కుర్రాళ్లు దాటిపోతుంటే కాళ్లను ఆపుకోవడం మాటలు కాదు. వారానికి రెండుసార్లు 60 మీటర్ల పరుగులు, ఒక్కోదాని తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి. పూర్వం అర నిమిషం కూడా ఆగేవాణ్ని కాదు, అదే శూరత్వం అనుకునేవాణ్ని. క్రియాటిన్ ఫాస్ఫేట్ మళ్లీ నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుందట!

మర్నాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని నమ్మేవాణ్ని. ఒంట్లో ఆ ఆమ్లం ఉండే రూపమైన లాక్టేట్ గంట, రెండు గంటల్లో తగ్గిపోతుందనీ, దాన్ని గుండె కూడా ఇంధనంగా వాడుకుంటుందనీ, ఆ నొప్పి తంతువుల్లో పడే సూక్ష్మమైన చిరుగుల వల్లననీ మాస్టారు చెప్పారు. పరగడుపున పరుగెత్తడం మానిపించారు. ముందుగా చోడి అంబలి తాగి వెళ్లేవాణ్ని.

రెండోసారి పరీక్షలో మొదటి రౌండుకు 1 నిమిషం 53 సెకన్లు పట్టింది. చాలామంది నా ముందున్నారు, గుండె దడదడలాడింది, అయినా వేగం పెంచలేదు. మొత్తం 7 నిమిషాల 23 సెకన్లు. 100 మీటర్లకు పిలిచేదాకా నీడలో కూర్చున్నాను. 15 సెకన్ల హద్దుండగా 14.2లో చేరాను.

మాస్టారికి ఫోను చేశాను. పాసయ్యానా అని ఆయన అడగలేదు.

"మూడో రౌండు ఎంత?"

"ఒక నిమిషం యాభై నాలుగు, మాస్టారూ."