ఆల్పోర్ట్ మా ఆడపిల్లలది కూడా

మా ఇంట్లో ఈ జబ్బుకు పేరు దొరకడానికి రెండు తరాలు పట్టింది. మా మేనమామ పాతికేళ్ళకే కిడ్నీలు పాడై పోయారు. ఆయనకు చెవులు సరిగా వినపడవని అందరికీ తెలుసు. రెండింటికీ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. తమ్ముడికీ అదే వరస మొదలయ్యాక, సూర్యారావుపేటలో ఒక కిడ్నీ డాక్టరుగారు "మీ ఇంట్లో చెవుడు ఎవరికైనా ఉందా?" అని అడిగారు. ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనే మాట అప్పుడే విన్నాం.

కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పొరకు నాలుగో రకం కొలాజెన్ అనే ప్రోటీన్ కావాలి. మాకు అది సరిగా తయారు కాదు. లోపలి చెవిలోనూ కంట్లోనూ ఉండేది అదే కాబట్టి అవీ దెబ్బతింటాయి. మా ఇంట్లో లోపం ఎక్స్ క్రోమోజోము మీదున్న సీఓఎల్4ఏ5 జన్యువులో ఉంది. అమ్మానాన్నలది మేనరికం కాబట్టే వచ్చిందని బంధువులు ఇప్పటికీ అంటారు. మేనరికంతో ఎక్కువయ్యే రకం ఒకటుంది, నిజమే. మాది అది కాదు, అమ్మ నుంచి వచ్చే ఎక్స్ ఒక్కటి చాలు. అమ్మకు బయటి సంబంధం చేసినా మాకు వచ్చేదే. ఈ సంగతి చెబితే అమ్మ "అయితే నా ఒక్కదాని వల్లేనన్నమాట" అని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

తమ్ముడికి కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది కూడా అమ్మే. పరీక్షలు చేస్తే ఆమె మూత్రంలోనే రక్తం, ప్రోటీన్ కనిపించాయి. ఇవ్వడానికి వీల్లేదన్నారు. అప్పటిదాకా ఆమెకు ఎవరూ పరీక్ష చేయలేదు, ఆడవాళ్ళు ఉత్త క్యారియర్లే, అంటే జబ్బు తమకు రాకుండా పిల్లలకు అందించేవాళ్ళేనని అనుకోవడం వల్ల. ఈ రకంలో మగవాళ్ళలో దాదాపు 90 శాతం మందికి 40 ఏళ్ళలోపే కిడ్నీలు పూర్తిగా దెబ్బతింటాయి. ఆడవాళ్ళలో ఆ వయసుకు 12 శాతం దాకా ఉంటుంది. తక్కువే, కానీ వయసుతో పెరుగుతుంది. నాకూ బీపీ, ప్రోటీన్ మొదలయ్యాయి.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. చెవి మిషన్ పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటాడు. రామిప్రిల్ వేసుకుంటున్నాడు. డయాలసిస్‌ను ఏళ్ళ తరబడి వెనక్కి నెట్టే మందు అది, తొందరగా మొదలుపెడితే. ఆవకాయ నాలుకకు రాసుకోవడం వరకే. బెజవాడ ఎండల్లో వాంతులో విరేచనాలో పట్టుకుంటే ముందు డాక్టరుగారికి ఫోన్ చేస్తాను, మాత్ర ఆపాలా అని. ఒళ్ళు నొప్పులంటే మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే, కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫెనాక్ మా ఇంటి గడప తొక్కదు.

తండ్రికున్న ఒక్క ఎక్స్ కూతురికే వెళ్తుంది. అందుకే తమ్ముడి కొడుక్కి రాలేదు, కూతురికి వచ్చింది. "పోనీలే, వారసుడికి రాలేదు" అన్నారు పెద్దవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి. రేపు పెళ్ళి కావలసిన పిల్ల, బయట అనొద్దు అంటున్నారు. ఆ పిల్లకే తెలియకపోతే ఎలా? ఏడాదికోసారి మూత్రపరీక్ష ఎవరు చేయిస్తారు? కడుపుతో ఉన్నప్పుడు రామిప్రిల్ వేసుకోకూడదని ఎవరు చెబుతారు?

మొన్న సంక్రాంతికి పిన్ని ఇంకో ఉపాయం చెప్పింది. పెద్దయ్యాక మా అబ్బాయికీ తమ్ముడి కూతురికీ ముడిపెట్టేస్తే విషయం ఇల్లు దాటదట. వాళ్ళకు ఆడపిల్లలు పుడితే ఒక్కరూ తప్పించుకోరు, కొందరికి రెండు వైపుల నుంచీ వస్తుంది. కాగితం మీద గీసి చూపించాను. పిన్ని ఒప్పుకోలేదు. మా మరదలు ఆ కాగితం మడిచి పిల్ల రిపోర్టుల ఫైల్లో పెట్టుకుంది.