తెలుగు సాహిత్యం చదివే విద్యార్థికి ఇంటర్న్‌షిప్: ఒక ప్రచురణ సంస్థలో నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మూడేళ్ల చదువులో మొత్తం పది నెలలు ఇంటర్న్‌షిప్ చేసి తీరాలని రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 పాఠ్యప్రణాళికలో నిబంధన పెట్టింది. మొదటి ఏడాది పూర్తయ్యాక వేసవిలో రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది పూర్తయ్యాక మరో రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఐదో సెమిస్టరులో గానీ ఆరో సెమిస్టరులో గానీ ఏదో ఒక సంస్థలో సెమిస్టరంతా పని. బి.కాం. వాళ్లకు ఆడిటరు ఆఫీసులున్నాయి, సైన్సు వాళ్లకు ల్యాబులూ ఆక్వా కంపెనీలూ ఉన్నాయి. స్పెషల్ తెలుగుతో బి.ఏ. చదువుతున్న మా తరగతికి మాత్రం ఎక్కడికి వెళ్లాలో దారి చూపించేవారు లేరు. దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి సర్టిఫికెట్టు తెచ్చుకోమన్నది అందరూ ఇచ్చిన సలహా. పాఠం చెప్పడం చిన్న పనేమీ కాదు గానీ, నాకు పుస్తకం తయారయ్యే చోటును చూడాలని ఉండేది.

మొదటి రెండు దశలనూ మామూలుగానే గట్టెక్కించాను. మా మండలంలోని శాఖా గ్రంథాలయానికి ఎవరు వస్తున్నారు, ఏం చదువుతున్నారు అన్న విషయం మీద సర్వే చేసి ప్రాజెక్టు నివేదిక ఇచ్చాను. పోటీ పరీక్షల పుస్తకాల కోసం వచ్చే యువకులు, దినపత్రిక కోసం వచ్చే పెద్దవాళ్లు తప్ప కథల పుస్తకం అడిగేవాళ్లు అరుదుగా కనిపించారు. అసలు వెతుకులాట సెమిస్టరు ఇంటర్న్‌షిప్పు దగ్గరే మొదలైంది.

రాయడం మీద ఇష్టం ఉన్న విద్యార్థి ఇంటర్నెట్టులో వెతికితే మొదట ఎదురయ్యేది ‘కంటెంట్ రైటింగ్’. నాకు కనిపించిన వాటిలో చాలా మటుకు ఇంగ్లిషు పనులే. వస్తువుల వర్ణనలు, కంపెనీల వెబ్‌సైట్ల కోసం వ్యాసాలు, సోషల్ మీడియా పోస్టులు. అక్కడక్కడా తెలుగు అని ఉన్నా, అది ఇంగ్లిషు ప్రకటనలను తెలుగులోకి మార్చే పనే. కొందరు రిజిస్ట్రేషన్ రుసుము కట్టమన్నారు, కొందరు సర్టిఫికెట్టుకు ధర చెప్పారు. ఇంటర్న్‌షిప్ కోసం మనం ఎదురు డబ్బు కట్టాల్సి వస్తే అది ఇంటర్న్‌షిప్ కాదని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఒక సంస్థ పరీక్ష పేరుతో పూర్తి నిడివి వ్యాసాలు రాయించుకుని, తర్వాత జవాబే ఇవ్వలేదు. అందులో ఒక వ్యాసం పేరు లేకుండా వాళ్ల సైటులో కనిపించింది. అప్పటి నుంచి ఎవరైనా నమూనా అడిగితే, అప్పటికే నా పేరుతో బయట ఉన్నదాన్నే పంపాలన్న పట్టుదల ఏర్పడింది.

ప్రభుత్వ పథకాలనూ చదివి చూశాను, ఎందుకంటే పేర్లు వినగానే ఆశ పుడుతుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా నడిచే పీఎం-యువ పథకం 2021లో మొదలైంది. ముప్ఫై ఏళ్లలోపు రచయితలను పోటీ ద్వారా ఎంపిక చేసి, ఆరు నెలల పాటు నెలకు 50,000 రూపాయల చొప్పున ఇచ్చి, పుస్తకం రాయించి ప్రచురిస్తారు. ఆ తొలి విడతలో దేశం మొత్తం మీద ఎంపికైనవారు 75 మంది. ప్రకటించిన అంశం మీద పరిశోధన చేసి పుస్తకం రాయగలిగినవారికి అది గొప్ప అవకాశమే, అయితే అది రచయితకిచ్చే శిక్షణ. కాలేజీ అడిగే ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రాదు. 2024లో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు ఇస్తారని నా తర్వాతి బ్యాచ్ వాళ్లు ఉత్సాహపడ్డారు గానీ, రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదివేవారు దానికి అర్హులు కారన్నది అప్పటి నిబంధనల్లోనే ఉంది. పేరున్న పత్రికల జర్నలిజం స్కూళ్లు స్టైపెండు ఇచ్చి నేర్పుతాయి గానీ, అవి డిగ్రీ పూర్తయినవారి కోసం. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది విజయవాడ. ఏలూరు రోడ్డులోనూ గవర్నరుపేటలోనూ ఉన్న ప్రచురణ సంస్థలే నాకు అందుబాటులో ఉన్న అసలైన సాహిత్య కార్యాలయాలు.

అక్కడికి వట్టి చేతులతో వెళ్లకూడదని మా తెలుగు లెక్చరరు మేడమ్ చెప్పారు. నా కవితల కట్ట చూపిస్తానంటే ఆవిడ నవ్వి, “కవితలు వాళ్లకు రోజూ పోస్టులో వస్తూనే ఉంటాయమ్మా. నీకు పని వచ్చని తెలిసేదేదైనా చూపించు,” అన్నారు. ఆ పని ఎలా ఉంటుందో పాత పుస్తకాలను ఉచితంగా చదువుకోగలిగే వికీసోర్సు అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో తెలుస్తుందనీ ఆవిడే చెప్పారు.

తెలుగు వికీసోర్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఖర్చు లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా, సాహిత్య విద్యార్థి ఇంటి నుంచే మొదలుపెట్టగలిగిన పని ఇది. మన దేశంలో రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాత అరవై ఏళ్లకు అతని రచనల మీద కాపీహక్కు ముగిసిపోతుంది. అలాంటి పాత పుస్తకాలను స్కాన్ చేసి అక్కడ చేరుస్తారు. పుట తెరిస్తే ఒక పక్క స్కాన్ బొమ్మ ఉంటుంది, మరో పక్క యంత్రం గుర్తించిన పాఠం ఉంటుంది. యంత్రం థ-ధలనూ ప-వలనూ తరచూ తారుమారు చేస్తుంది, అరసున్నను మింగేస్తుంది, పాత అచ్చులో అక్షరం కాస్త అరిగి ఉంటే ఒత్తులను వదిలేస్తుంది. బొమ్మనూ పాఠాన్నీ పోల్చుకుంటూ దిద్దిన పుట పసుపు రంగులోకి మారుతుంది, అంటే ‘అచ్చుదిద్దబడ్డది’ అన్నమాట. దాన్ని ఇంకో సభ్యుడు మళ్లీ చదివి ఆమోదిస్తేనే ఆకుపచ్చ రంగు వస్తుంది. దిద్దినవారే తమ పుటను ఆమోదించుకోవడం కుదరదు. ఎవరు ఏ రోజు ఏం మార్చారో చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి, నేను దిద్దిన ప్రతి అక్షరానికీ అక్కడ సాక్ష్యం ఉంది. నూరేళ్ల కిందటి గద్యం అలా పుట తర్వాత పుట చదవడం వల్ల, తరగతిలో సూత్రాలుగా విన్న సంధులూ శకటరేఫలూ కంటికి అలవాటయ్యాయి.

దీంతో పాటు, ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో పిల్లల కథలు కొన్ని ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువదించాను. అక్కడి కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి కాబట్టి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, అనువాదకుల పేరు కథతోనే ఉంటుంది. ఒక్కో పేజీకి రెండు మూడు వాక్యాలే అయినా, రెండో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదవగలిగేలా రాయాలంటే ఒత్తులు తక్కువున్న మాటల కోసం ఎంతసేపు ఆలోచించాలో చేసి చూస్తే గానీ తెలియదు.

ప్రచురణ సంస్థలకు రాసిన ఉత్తరం అర పేజీ మించలేదు. సాహిత్యం మీద నాకున్న ప్రేమ గురించి అందులో ఒక్క వాక్యమూ లేదు. నేనెవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలను, టైపింగు వచ్చా, ఇంతవరకు ఏం దిద్దాను, ఏం అనువదించాను అన్నవి మాత్రం రాసి, దిద్దక ముందూ దిద్దిన తర్వాతా ఒకే పుట ఎలా ఉందో ప్రింటు తీసి జతచేశాను. మెయిళ్లకు జవాబులు రాలేదు. నేరుగా వెళ్లి ఇచ్చిన చోట్ల మాత్రం కూర్చోబెట్టి మాట్లాడారు, ఒక చోట కాఫీ కూడా ఇచ్చి పని లేదన్నారు. ఒప్పుకున్న సంస్థకు అభ్యంతరమల్లా కాలేజీ ఇచ్చిన ఒప్పంద పత్రం మీదే. నలుగురైదుగురు పనిచేసే ఆఫీసుకు పేజీలకు పేజీల ఎంవోయూ పంపితే ఎవరైనా జంకుతారు. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి దాని బదులు ఒక సాధారణ లేఖ తీసుకువెళ్లాక ఆ ముడి విడిపోయింది. విద్యార్థి పేరు, కాలవ్యవధి, సంస్థపై ఎలాంటి ఆర్థిక బాధ్యతా ఉండదన్న మాట, అంతే అందులో ఉన్నవి.

చేర్చుకునే ముందు సంపాదకుడు గారు ఒక ఫారం ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి తీసే ప్రతులు) చేతికిచ్చి సాయంత్రానికి చూసి ఇమ్మన్నారు. డెమ్మీ అనే పుస్తకం సైజులో ఫారం అంటే పదహారు పేజీలు. అక్షర దోషాలతో పాటు పేజీ పైన ఉండే అధ్యాయం పేరు, పేజీ సంఖ్యల వరుస, పేరా మధ్యలో మారిన ఫాంటు సైజు కూడా గుర్తు పెడతానా లేదా అన్నది ఆయన చూశారని ఆ తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి రమ్మన్నారు.

పని చాలా వరకు ప్రూఫులు చూడడమే. మొదటి ప్రూఫును రాతప్రతితో పోల్చి చూసేటప్పుడు ఒకరు రాతప్రతి బయటికి చదువుతుంటే, మరొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వింటారు. చదివేవారు కామాలూ పుల్‌స్టాపులూ కూడా పలుకుతారు. కొత్తవాళ్లకు అది నవ్వులాటగా ఉంటుంది గానీ, వాక్యమే ఎగిరిపోయిన చోట అది పట్టుకున్నంత బాగా ఒంటరి కన్ను పట్టుకోదు. రెండో ప్రూఫు దగ్గర వేరే జాగ్రత్త. డీటీపీ ఆపరేటరు ఒక తప్పు సరిచేస్తుంటే పక్క పదం చెడవచ్చు, పంక్తి ఒకటి కిందికి జారి పేజీ లెక్క మారవచ్చు. కాబట్టి గుర్తు పెట్టిన పదాన్ని మాత్రమే కాక, ఆ పంక్తినీ దాని పైదాన్నీ కిందిదాన్నీ కూడా చదవాలి. ‘అను’ అనే పాత రకం డీటీపీ ఫాంట్లలో కంపోజు చేసిన పాత పుస్తకాలను కొత్త ముద్రణ కోసం అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా చదవగలిగే యూనికోడులోకి మారిస్తే ఒత్తులు స్థానం తప్పుతాయి, అంకెలు అక్షరాలవుతాయి. అలాంటి ఫైలు వస్తే మళ్లీ మొదటి అక్షరం నుంచీ చూడక తప్పదు. ముద్రారాక్షసాలని మనం సరదాగా అనేవన్నీ ఇలాంటి మార్పిడుల్లోనే పుడుతున్నాయని నా నమ్మకం.

ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది ఉత్తరాంధ్ర రచయిత కథల సంపుటి దగ్గర. ఆయన కథల్లో అందరూ ‘వొచ్చేరు’, ‘వెళ్లిపోయేడు’ అంటారు. కథకుడి వాక్యాల్లో మాత్రం కొన్నిచోట్ల ‘వచ్చాడు’, కొన్నిచోట్ల ‘వొచ్చేడు’ ఉంది. అన్నిటినీ ఒకే తీరుకు తేవాలా అని సంపాదకుడు గారిని అడిగాను. “పాత్రల మాట జోలికి పోకమ్మా, వాళ్ల ఊళ్లో అలాగే అంటారు. కథకుడి మాట గురించి మాత్రం మార్జినులో పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టు, రచయితే తేలుస్తారు,” అన్నారు. రచయిత ప్రూఫులు తిరిగి పంపినప్పుడు ప్రశ్న గుర్తులన్నిటికీ జవాబులున్నాయి. చాలా చోట్ల ‘వొచ్చేడు’ అనే ఉంచమన్నారు, రెండు కథల్లో మాత్రం కథకుడు పట్నంలో ఉద్యోగి కాబట్టి ‘వచ్చాడు’ అనే ఉండాలని రాశారు. ప్రశ్న గుర్తు పెట్టే చోట పెన్ను వాడకూడదన్నది ఆ ఆఫీసులో ఖచ్చితమైన నియమం.

సొంతంగా రాసే అవకాశం తక్కువే వచ్చింది. పుస్తకాల వెనక అట్ట మీద వేసే నాలుగు వాక్యాల పరిచయాలు, జాబితాలో ఒక్కో పుస్తకానికి రెండు పంక్తుల వివరం, పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ దరఖాస్తులో నింపే సమాచారం రాశాను. మన దేశంలో ఐఎస్‌బీఎన్ సంఖ్యలను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకునే కవులు దానికోసం మధ్యవర్తులకు డబ్బిస్తున్నారని అక్కడే విన్నాను. రాయడం కోసమే ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాలనుకునేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. నా వరకు, ఇతరుల వాక్యాలను అంత నెమ్మదిగా చదివే అలవాటు అయ్యాక, నా కవితల కట్టలో సగాన్ని నేనే పక్కన పెట్టాను.

స్టైపెండు బస్సు పాసుకూ మధ్యాహ్న భోజనానికీ సరిపోయింది. లాగ్‌బుక్కు మాత్రం విసిగించింది. రోజూ ఏ పని చేశాం, దాని వల్ల ఏం నేర్చుకున్నాం అని రాసి, సంస్థలో బాధ్యుడి సంతకం తీసుకోవాలి. వారం వారం నివేదిక వేరు. సాంకేతిక నైపుణ్యాల గురించి అడిగే పేజీలో ‘ప్రూఫులు చూచుట’ అని రోజూ రాస్తే కాలేజీలో గైడు ఊరుకోరు కాబట్టి, ఏ పుస్తకం, ఎన్నో ప్రూఫు, ఏ రకం దోషాలు ఎక్కువగా వచ్చాయి అని విడగొట్టి రాయడం మొదలుపెట్టాను. చివర్లో ఆ లాగ్‌బుక్కే నివేదికకు ముడిసరుకు అయింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు నివేదిక తిరగేసి, అందులో ఉన్న ఒక అచ్చుతప్పు చూపించి, “ఇదేమిటి?” అన్నారు. అది ఉదాహరణగా ఇచ్చిన దోషమని పట్టిక శీర్షిక చూపించాక, మిగతా ప్రశ్నలు సులువుగానే సాగాయి.

మా జూనియర్లు అడిగినప్పుడు నేను చెప్పేది ముఖ్యంగా సమయం గురించే. హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరుగుతాయి. ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలను వాటికి అందించాలని చూస్తారు కాబట్టి దసరా నుంచి ఆఫీసుల్లో ఊపిరి సలపదు. ఆ రోజుల్లో కొత్తవారికి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు, అప్పటికే నేర్చుకున్నవారికి మాత్రం చేతినిండా పని ఉంటుంది. అందుకే కాలేజీ ఒప్పుకుంటే ఇంటర్న్‌షిప్‌ను ఐదో సెమిస్టరులోనే పెట్టుకోవాలి, ఉత్తరం జూన్ నెలలోనే స్వయంగా వెళ్లి ఇవ్వాలి, వికీసోర్సు పుటలు అంతకు ముందు వేసవిలోనే దిద్ది ఉంచుకోవాలి. నాకు ఆ సంస్థ నుంచి ఇప్పటికీ ప్రదర్శనల ముందు ప్రూఫులు వస్తుంటాయి, ఫారానికి ఇంత అని లెక్కకట్టి ఇస్తారు.