మెడ పట్టేసిన ఆదివారం

పొద్దున ఆయన మంచం మీంచి లేవబోయి ఆగిపోయారు. తల వెనక చెయ్యి పెట్టి, తలను చేత్తోనే ఎత్తుకుని మరీ లేచారు. తల బరువు దాదాపు 5 కిలోలు ఉంటుంది. దాన్ని మోసే కండరాలు మొరాయిస్తే చెయ్యి సాయం రావాల్సిందే. నిన్న రాత్రి బస్సులో తల పక్కకి వాల్చేసి గంటల తరబడి నిద్రపోయారట.

"దిండు ఎండలో వెయ్యమ్మా, సాయంత్రానికి సర్దుకుంటుంది" అన్నారు అత్తయ్య. వేశాను. పెద్దావిడ మాట కాదనడం నాకిష్టం లేదు.

కానీ ఆయన చెప్పులేసుకుని "సెలూన్‌కి వెళ్లొస్తా, ఒక్కసారి మెడ విరిస్తే పోతుంది" అనేసరికి గట్టిగా అడ్డుపడ్డాను. ఈ విషయంలో నాకు నిజంగా భయం. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. మెడను ఒక్కసారిగా మెలితిప్పితే వాటి లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అరుదే కావచ్చు, వస్తే మాత్రం జీవితాంతం అనుభవించాలి. టక్కుమన్న ఆ చప్పుడు కోసం అంత రిస్కా?

పై వాటాలో ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ఉంటుంది, పిలిచాను. చేతుల్లోకి తిమ్మిర్లు పాకుతున్నాయా, పట్టు తగ్గిందా, జ్వరం ఉందా, ఎక్కడైనా పడ్డారా అని ముందు అడిగింది. వీటిలో ఏదున్నా ఇంట్లో కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలట. ఏవీ లేవు. కండరం లాగేసినా, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ సాగినా నొప్పి ఒకేలా ఉంటుందనీ, ఇంట్లో చేసేదీ ఇంచుమించు ఒకటేననీ చెప్పింది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, 15 నిమిషాల చొప్పున. తర్వాత వేడి కాపడం. మెడ కదలకుండా చుట్టూ పెట్టే కాలర్ అడిగితే వద్దంది. రోజుల తరబడి పెట్టుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయట.

అసలు మందు కదలికే. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, నొప్పి మొదలయ్యే చోటు దాకా మాత్రమే తలను మెల్లగా తిప్పించింది, అటూ ఇటూ. భుజాలు చెవుల దాకా బిగబట్టి ఉంటే తన అరచేతులతో కిందికి దించింది. "ఊపిరి వదలండి అంకుల్" అన్నాక గడ్డం ఇంకో రెండు వేళ్ల మేర తిరిగింది! నా కళ్ల ముందే.

పూర్తిగా తగ్గడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుందట. రేపు ఆఫీసుకు బండి తీయొద్దన్నాను. తల తిప్పి వెనక చూడలేని మనిషి ట్రాఫిక్‌లో బండి నడపకూడదు. ఆటోకి ఒప్పుకున్నారు.