ఫాదర్ హయ్యర్ పుట్టిన ఊరికి

మా అమ్మ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టింది, నేనూ అక్కడే పుట్టాను. జూలై 31 వచ్చిందంటే మా పారిష్‌లో ఫాదర్ హయ్యర్‌ని తలుచుకోవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. అమెరికా నుంచి వచ్చిన ఆ లూథరన్ మిషనరీ 1842లో ఆ రోజునే గుంటూరులో అడుగు పెట్టారు. సండే స్కూల్లో ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అయితే ఆయన పుట్టిన ఊరు ఎలా ఉంటుంది, అక్కడివాళ్లకు మన గుంటూరు సంగతి తెలుసా అన్న ఆలోచన టీచరుగా రిటైరయ్యే దాకా రాలేదు. వచ్చాక మాత్రం వదల్లేదు.

పోయిన జూన్‌లో ఐదుగురం జర్మనీ బయలుదేరాం. మా పాస్టరయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, స్త్రీల సమాజం నుంచి ముగ్గురం. ఎనిమిది రోజుల ప్రయాణం. వీసా కోసం హైదరాబాద్ రెండుసార్లు తిరిగాం. విజయవాడలో టికెట్లు చేసిన ఏజెంటు మాలో ఒకరి ఇంటిపేరు తప్పు వేయడంతో విమానం ఎక్కే ముందు రోజు దాకా టెన్షనే. సమాజం ఆడవాళ్లు మంగళగిరి చేనేత బట్ట మీద ఎర్రదారంతో సిలువ కుట్టి, హయ్యర్ గారి ఊరి గుళ్లో ఆరాధన బల్ల మీద పరవమని నా చేతికిచ్చారు. కుట్టినవాళ్లలో ఒక పెద్దమ్మకు చూపు ఆనదు. మనవరాలు సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే ఆవిడ తడుముకుంటూ కుట్టింది. ఆ మూల కుట్లు కాస్త వంకరగా ఉంటాయి. నాకు ఆ మూలే ఎక్కువ ఇష్టం.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ముందు విట్టెన్‌బర్గ్ వెళ్లాం. మన లూథరన్ సంఘాలకు పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1517లో, చర్చిలోని తప్పులను ప్రశ్నిస్తూ 95 సిద్ధాంతాలు అంటించారని చెప్పే కోట చర్చి ఇక్కడే ఉంది. పాత చెక్క తలుపులు 1760 యుద్ధంలో కాలిపోయాయి. ఇప్పుడున్నవి 1858లో పెట్టిన కంచు తలుపులు, సిద్ధాంతాలన్నీ వాటి మీదే పోతపోసి ఉన్నాయి. లోపల ప్రసంగ వేదిక కింద లూథర్ సమాధి. ఆయన ప్రసంగాలు చేసిన పట్టణ చర్చికి కూడా వెళ్లాం. దాని గోడ మీద యూదులను హేళన చేసే పాత శిల్పం ఒకటి ఇంకా ఉంది. దాని కింద నేలలో, చంపబడిన యూదుల స్మరణగా 1988లో ఒక పలక వేశారు. అయ్యగారు టోపీ తీసి అక్కడ చాలాసేపు నిలబడ్డారు. మన పెద్దల మంచిని చెప్పుకునేటప్పుడు వాళ్ల తప్పులు దాచకూడదని నా నమ్మకం. ఇక్కడ దాచలేదు.

తర్వాత హాలె. పేరు చాలామంది విని ఉండరు గానీ తెలుగువాళ్లు చూసి తీరాల్సిన ఊరు. కానుక పెట్టెలో దొరికిన 4 థాలర్ల 16 గ్రోషెన్ల (ఆనాటి నాణేలు) సొమ్ముతో ఫ్రాంకే అనే పాస్టరు గారు 1695లో పేదపిల్లల బడి మొదలుపెట్టారు. మూడేళ్లకు అనాథ పిల్లల కోసం పెద్ద భవనానికి పునాది వేశారు. దాని నుదుట సూర్యుని వైపు ఎగిరే రెండు పక్షిరాజులు, కింద పక్షిరాజుల్లా రెక్కలు చాపి పైకి ఎగురుతారనే బైబిలు వచనం, యెషయా 40:31. అది చూడగానే అమ్మగారు ఆ వచనాన్ని తెలుగులో గట్టిగా చదివేశారు.

ఇక్కడి నుంచి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జే మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1720ల చివర్లోనే కొత్త నిబంధనను తెలుగులోకి మార్చారు. అది అచ్చు కాలేదు. 1743లో ఆయన తిరిగొచ్చాక, 1746, 1747లలో ఈ ఊళ్లోనే తెలుగు పుస్తకాలు కొన్ని అచ్చయ్యాయి. తెలుగు అచ్చు పుస్తకాల్లో మొట్టమొదటివిగా చెప్పేవి ఇవే. ముందే ఉత్తరం రాసుకున్నాం కాబట్టి గ్రంథాలయంలో లూథర్ చిన్న కేటకిజం (విశ్వాస పాఠాల ప్రశ్నోత్తరాల పుస్తకం) ప్రతిని స్పాంజి దిండు మీద పెట్టి చూపించారు. అరచేతిలో పట్టేంత పుస్తకం. కొన్ని అక్షరాలు చప్పున గుర్తుపట్టాను, కొన్నిటి దగ్గర ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కున్నాను. నా కన్ఫర్మేషన్‌కు (విశ్వాసాన్ని సంఘం ముందు సొంతంగా ఒప్పుకునే ఆచారం) మా తాతయ్య కంఠస్థం చేయించిన పది ఆజ్ఞలు, గుంటూరుకు హయ్యర్ గారు రావడానికి దాదాపు వందేళ్ల ముందే ఇక్కడ అచ్చయ్యాయి! తాతయ్య ఉంటే ఎంత సంతోషపడేవాడో.

మధ్యలో మాగ్డెబర్గ్‌లో రైలు తప్పిపోయి హయ్యర్ గారి ఊరు హెల్మ్‌స్టెట్ చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. అయినా సాయంత్రం అయిదింటి వెలుతురే. దేశం రెండుగా ఉన్న రోజుల్లో సరిహద్దు ఈ ఊరి పక్కనే ఉండేది.

మర్నాడు ఆదివారం. స్టెఫానీ చర్చికి వెళ్లాం. హయ్యర్ గారు 1793లో ఈ ఊళ్లోనే, ఉన్ని తోళ్ల వ్యాపారం చేసే ఇంట పుట్టారు. 1807లో ఈ చర్చిలోనే కన్ఫర్మేషన్ అయింది. నెపోలియన్ యుద్ధాల భయంతో అమ్మానాన్నలు ఆయన్ని ఆ వయసులోనే అమెరికాలో మేనమామ దగ్గరికి పంపేశారు. పద్నాలుగేళ్లంటే మన తొమ్మిదో తరగతి పిల్లాడు. అక్కడి నుంచి నలభై తొమ్మిదో ఏట గుంటూరు వచ్చారు. మధ్యలో వెనక్కి వెళ్లి బాల్టిమోర్‌లో వైద్యం చదివి మళ్లీ వచ్చారు, పల్నాడు తిరిగారు. వెళ్లిపోయాక కూడా 1869లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, రాజమండ్రి మిషన్ నిలబెట్టడానికి మూడోసారి ఓడెక్కారు.

అంత పెద్ద చర్చిలో ఆ రోజు ఆరాధనకు వచ్చింది ఇరవై మంది. అందరూ పెద్దవాళ్లే. పాస్టరమ్మ గారికి హయ్యర్ పేరు తెలుసు, మిగతావాళ్లలో చాలామంది వినలేదు. మన అయ్యగారు చెబుతుంటే ఆవిడ జర్మన్‌లోకి మార్చారు. బల్ల మీద మంగళగిరి బట్ట పరిచాం. కాఫీ దగ్గర ఒక ముసలాయన మీ ఊళ్లో ఆదివారం ఎంతమంది వస్తారని అడిగారు. క్రిస్మస్‌కు లోపల చోటు చాలక షామియానా వేసి కుర్చీలు వేస్తామని చెప్పాను. ఆయన కప్పు పక్కన పెట్టి, వెళ్లి బల్ల మీది బట్టను వేళ్లతో తడిమారు. తెలిసి చేశారో లేదో గానీ, ఆయన చెయ్యి ఆగింది ఆ వంకర కుట్ల మూల దగ్గరే.

యూరప్‌లో చర్చీలు ఖాళీ అని మనలో కొందరు చులకనగా మాట్లాడుతుంటారు. నేనూ ఆ మాట అన్నదాన్నే. ఇక అనను. ఆ ఇరవై మందే వెనక గదిలో శరణార్థుల పిల్లలకు భాష నేర్పుతున్నారు, బట్టలు సర్దిపెడుతున్నారు. ఆ రోజు వాళ్ల కోసం నేను చేసిన ప్రార్థన ఇంటికొచ్చాక కూడా ఆపలేదు.

చివరి మజిలీ ఉత్తరాన సముద్రం దగ్గర బ్రెక్లుమ్. బ్రెడ్‌స్టెట్ స్టేషన్లో దిగితే కరకట్టల మీద గొర్రెలు, మనిషిని తోసేసే గాలి. 1876లో ఇక్కడ మొదలైన మిషన్ వాళ్లే ఒడిశాలోని జైపూరు, కోరాపుట్, మన సాలూరు వైపు వెళ్లారు. సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసిన నర్సమ్మ ఒకావిడ ఇక్కడ ఉన్నారంటే చూడ్డానికి వెళ్లాం. ఎనభై ఆరేళ్లు. చక్రాల కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూడగానే, "ఏటమ్మా, బాగున్నారేటి? దూరం నుంచొచ్చినారు, బువ్వ తిన్నారేటి?" అన్నారు. అమ్మగారికి ఏడుపు ఆగలేదు.

భాష ఎవరు నేర్పారని అడిగితే "రోగులే నేర్పినారు" అన్నారు. పుళ్లు కడిగి కట్లు కడుతుంటే వాళ్లు నొప్పి మరిచిపోవడానికి కబుర్లు చెప్పేవారట. అలా వచ్చిందట తెలుగంతా. సాలూరు ఏరు వేగావతిలో నీళ్లున్నాయా అని అడిగారు. మేం ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హెల్మ్‌స్టెట్ దాకా వచ్చాం గానీ, మాలో ఒక్కరం కూడా సాలూరు చూడలేదు. ఆ మాటే చెప్పాం. "ఎల్లండి, సూసి నాకు రాయండి" అన్నారు.

తెలుగులో ప్రార్థన చెయ్యమన్నారు. చేశాం. ఆమేన్ అన్నాక కూడా నా చెయ్యి వదల్లేదు. బస్సు టైమవుతుంటే లేచి, "మరి వెళ్తాం అమ్మా" అన్నాను.

"ఎల్తామనకూడదు" అని వేలు చూపించారు. "ఎల్లొస్తామనాల."