ప్రశ్నించేవాళ్లను ప్రశ్నిస్తే

మీడియాకు జవాబుదారీతనం ఉండాలని ఎవరన్నా అంటే చాలు, మన జర్నలిస్టుల్లో చాలామంది నోట మొదట వచ్చే మాట పత్రికా స్వేచ్ఛ. ఆ భయం ఉత్తదని నేననను, ఎమర్జెన్సీలో ఏకంగా పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌నే ఎత్తేశారు, ఇప్పటికీ రాసినందుకు కేసులు పెట్టేవాళ్లున్నారు. కానీ అడిగేది ప్రభుత్వమొక్కటే కాదు కదా. డబ్బులు పెట్టి పేపరు కొనుక్కునే పాఠకుడూ అడుగుతున్నాడు, అతనికేం చెబుతాం?

2009 ఎన్నికల్లో జరిగింది నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చేస్తున్నారని గగ్గోలు పుట్టినప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ తనంతట తానే కదిలింది, పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసింది. ఉద్యోగమిచ్చిన యాజమాన్యాల మీద వేలెత్తి చూపడం మాటలు కాదు. ఆ తర్వాత దీని మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో జర్నలిస్టు పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారున్నారు. సంస్థల పేర్లతో సహా 71 పేజీల నివేదిక రాశారు. 2010 జులైలో కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టేసి, పేర్లు లేని చిన్న నివేదికతో సరిపెట్టింది. పూర్తి నివేదిక బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. ఊరూరా అధికారుల గుట్టు రట్టు చేయడానికి మనం వాడే సమాచార హక్కు చట్టాన్నే మన గుట్టు బయటికి లాగడానికి వాడాల్సి రావడం నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఆ కౌన్సిల్‌కైనా ఉన్న అధికారం ఎంతని? హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం. జరిమానా వేసే అధికారం లేదు, టీవీ ఛానళ్లు దాని పరిధిలోకే రావు.

రోజువారీ సంగతికొస్తే మన దగ్గర జవాబుదారీతనమంటే ఖండన. ఒక మనిషి అవినీతిపరుడని జిల్లా పేజీలో ఫొటోతో, నాలుగు కాలాల హెడ్డింగుతో వేస్తాం. అతను ఆధారాలు పట్టుకుని వస్తే, వారం తర్వాత ఏ మూలో సింగిల్ కాలమ్‌లో ‘ఫలానా తేదీన ప్రచురితమైన వార్తలో వాస్తవం లేదని ఆయన తెలిపారు’ అని నాలుగు లైన్లు. తప్పు మనదని ఆ నాలుగు లైన్లలో ఎక్కడా ఉండదు, అదేదో ఆయన అభిప్రాయమైనట్టు! ది హిందూ 2006లోనే పాఠకుల ఫిర్యాదులు వినడానికి ప్రత్యేకంగా రీడర్స్ ఎడిటర్‌ను పెట్టుకుని, సవరణలకు పేపర్లో ఒక చోటు కేటాయించింది. దాంతో ఆ పత్రిక పరువేమీ పోలేదు.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. జనం నిలదీసేది ఎక్కువగా మండలంలో ఉండే కంట్రిబ్యూటర్‌నే. అతనికి జీతం ఉండదు, రాసిన లైన్ల లెక్కన వచ్చేది బండి పెట్రోలుకి కూడా చాలదు, పైగా పండక్కీ పబ్బానికీ యాడ్స్ టార్గెట్. ఏ సర్పంచి మీద వార్త రాయాలో అదే సర్పంచి దగ్గరికి యాడ్ కోసం వెళ్లాలి. హెడ్డింగ్ పెట్టింది ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు, వార్త ఆపించింది ఇంకెవరో, టీ కొట్టు దగ్గర తిట్లు తినేది మాత్రం అతను. అతన్ని అడగొద్దనడం లేదు, తప్పు రాస్తే అడగాల్సిందే. ఆ టార్గెట్ వేసినవాళ్లను కూడా అడగండి.