తమ్ముడి సైకిల్ యాక్సిడెంటూ, ఆ ఒక్క సంతకమూ

మా తమ్ముడు సైకిల్ మీద నేరుగా వెళ్తుంటే పక్కనే వస్తున్న కారు ఇండికేటర్ కూడా వెయ్యకుండా సందులోకి తిరిగింది. వాడు ఎగిరి పడ్డాడు, వెంటనే లేచి నాకు ఫోన్ చేసి "ఏం కాలేదక్కా, బాగానే ఉన్నా" అన్నాడు, నేనూ నమ్మేశా. దెబ్బ తగిలిన ఆ కాసేపు ఒంట్లో అడ్రినలిన్ నొప్పి తెలియనివ్వదంట. మర్నాడు మెడ తిరగలేదు, మూడో రోజుకి భుజం పైకి లేవలేదు.

నాలుగో రోజు కారు ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్ చేశారు. చాలా మర్యాదగా "ఇప్పుడెలా ఉందండీ?" అన్నారు. మనకి అలవాటే కదా, ఎవరడిగినా "బాగానే ఉందండీ" అంటాం, వీడూ అదే అన్నాడు, ఆ కాల్ రికార్డ్ అయింది. తర్వాత భుజం స్కానింగ్‌లో లిగమెంట్ చిరిగిందని తేలితే, ఆ రోజు బాగుందన్నారుగా అని అదే మాట పట్టుకుని కూర్చున్నారు, నాకు ఏడుపొచ్చింది. ప్రతి రోజూ ఎక్కడ నొప్పి, ఏ పని చెయ్యలేకపోయాడు, ఎన్నిరోజులు జీతం పోయింది అని నేను రాసిపెట్టిన నోట్‌బుక్కే మమ్మల్ని కాపాడింది.

వాళ్ళు ముందు పంపిన కాగితంలో సైకిల్ రిపేరు, మొదటి హాస్పిటల్ బిల్లు ఇస్తాం అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఫుల్ అండ్ ఫైనల్ అని. అది సంతకం పెడితే మళ్ళీ ఏమీ అడగడానికి ఉండదు. అప్పటికి ఫిజియోథెరపీ మొదలే కాలేదు! పెట్టొద్దురా అని పట్టుబట్టా.

సైకిల్‌ని కూడా రిపేరుకివ్వలేదు. కార్బన్ ఫ్రేమ్ పైకి బాగానే కనిపించినా లోపల చీలుండొచ్చు, హెల్మెట్‌లో ఫోమ్ అయితే ఒక్క దెబ్బకే పని అయిపోయినట్టు, అందుకే రెండూ అలాగే ఉంచి ఫొటోలు తీశాం.

మీవాడిదీ కొంత తప్పుంది, స్పీడుగా వచ్చాడు, అందుకని తగ్గించి ఇస్తాం అని కూడా అన్నారు. యాక్సిడెంట్ అయిన రోజు సాయంత్రమే నేను పక్క షాపుకెళ్ళి కెమెరా వీడియో అడిగి తెచ్చుకున్నా కాబట్టి సరిపోయింది, కొన్నిరోజులు పోతే పాతది చెరిగిపోయి దానిమీదే కొత్తది ఎక్కేస్తుంది. వీడియో చూపించాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆగమన్నా కదా అని ఎంతకాలమైనా ఆగడానికీ లేదు, కేసు వెయ్యడానికి గడువుంటుంది, అది ఒక్కోచోట ఒక్కోలా. మేం లాయర్ని అడిగి ఆ తేదీ నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకున్నాం. భుజం ఇక ఇంతకన్నా మెరుగవదని డాక్టర్ రాసిచ్చాకే, ఆ తేదీ లోపే, వాడు సంతకం పెట్టాడు.